లోపల మనిషేడీ?

మా ఊరికి రెండు పేర్లు. రైల్లో వచ్చేవారికి ఇది కర్గీ రోడ్; రైలు దిగి బజారులోకి నడిచేవారికి ఇది కోటా. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్ళే మార్గంలోని ఈ చిన్న స్టేషను పలకమీద "రోడ్" అన్న మాట చూచి ఇక్కడేదో మహా రాజమార్గం ఉన్నదని భ్రమపడేవారు కద్దు. రైల్వేవారి పరిభాషలో ఆ మాటకు అర్థం వేరు. ఊరు ఇంకా కొంత ఎడంగా ఉన్నదనీ, దిగి నడవవలసిందే ననీ దాని భావం. ఇదే మార్గంలో అడవులూ కొండలూ దాటిన తరువాత వచ్చే పెండ్రా రోడ్డుదీ అదే కథ.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకొని బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు అనేకం. వాటిలో మాదొకటి. మా నాన్నగారు ముప్ఫై యేళ్ళకు పైగా రైళ్ళు నడిపారు. అందులో అధికభాగం బొగ్గు గూడ్సులు. పదవీ విరమణ చేసి ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు. నేను ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, ఆ భాషలోని మాటలను మన భాషలోకి మోసే పని చేస్తున్నాను. ఆయన మోసిన బరువుతో పోలిస్తే నాది చాలా తేలిక అని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని నేనెన్నడూ ఖండించలేదు.

గత వేసవిలో ఒక ఆదివారం మా మేనల్లుడు బిలాస్‌పూర్ నుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. వాడికి పందొమ్మిదేళ్ళు. లైసెన్సు చేతికి వచ్చి ఆరు నెలలు. వీపున సంచిలో ఒక వీడియో ఆటల యంత్రాన్ని వెంట తెచ్చి, మా టీవీకి తగిలించి, "మావయ్యా, ఇది చూడండి, మతిపోతుంది" అన్నాడు. చూచాను. నిజంగానే మతిపోయింది. ఆనాటి నుంచి నాలో మెదులుతున్న ఆలోచనలనే ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఆ ఆట పేరు "బర్నౌట్ పారడైజ్". 2008లో వెలువడింది, 2018లో మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. బర్నౌట్ పరంపరలో మొదటి ఆట 2001లో వచ్చింది. తయారుచేసినవారు ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణానికి చెందిన క్రైటీరియన్ సంస్థవారు. తక్కిన కార్ల పందేలలో గుద్దుకోవడం ఓటమి. అక్కడ ఆటగాడు గుద్దుకోకుండా ఉండడానికి పాటుపడతాడు. ఈ ఆటలో గుద్దుకోవడమే పండుగ. ఎదుటివాడి కారును గోడకేసి నొక్కి తుక్కు చేస్తే బహుమానం. ఎదురుగా వచ్చే వాహనాల వరుసలోకి చొరబడితే బహుమానం. వెంట్రుకవాసిలో తప్పించుకొంటే బహుమానం. ఇలా సంపాదించిన సాహసం ఒక గొట్టంలో నూనెలాగా నిండుతుంది. మీట నొక్కితే అది మంటగా మారి కారును మరింత వేగంగా తోస్తుంది. అంటే ప్రమాదాన్ని ఇంధనంగా పోసుకొని నడిచే బండి అన్నమాట.

కారు దేనికైనా తగిలిందా, కాలం ఒక్కసారిగా మందగిస్తుంది. రేకులు కాగితంలా ముడుతలు పడడం, అద్దం ముక్కలు ముత్యాల్లా చెదరడం, చక్రం ఊడి తన దారిన తాను దొర్లిపోవడం, అన్నీ తీరికగా చూపిస్తారు. 2002 నాటి రెండవ ఆటలో, నాలుగు రోడ్ల కూడలిలోకి దూసుకుపోయి ఎంత విధ్వంసం చేస్తే అంత లెక్కగట్టే ప్రత్యేక పోటీనే పెట్టారు. నష్టాన్ని డాలర్లలో కూడి, ఆ మొత్తాన్నే గెలుపుగా ప్రకటిస్తారు. 2004 నాటి మూడవ ఆటలో మరొక చిత్రం చేర్చారు. కారు తుక్కయి గాలిలో ఎగురుతున్నప్పుడు కూడా ఆటగాడు ఆ తుక్కును కొంచెం అటూ యిటూ మళ్ళించి, పక్కన పోయే ప్రత్యర్థి మీద పడవేయవచ్చు. చచ్చిన తరువాత కూడా చేతిలో చుక్కాని మిగిలే ఉంటుందన్నమాట. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికి రావలసి ఉంది.

మా మేనల్లుడి కారు ఒక వంతెన స్తంభానికి కొట్టుకొని నుజ్జునుజ్జయింది. వాడు ఆనందంతో కేక పెట్టాడు. అంతవరకు మడత కుర్చీలో కళ్ళు మూసుకొని కూర్చున్న మా నాన్నగారు ముందుకు వంగి, తెరను పరీక్షగా చూచి, నెమ్మదిగా అడిగారు:

"లోపల మనిషేడీ?"

"ఇందులో మనుషులుండరు తాతయ్యా."

"మరి బండి యెవరు తోలుతున్నారు?"

"నేనే."

"నువ్వు ఇక్కడున్నావు కదా."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. తరువాత ఇద్దరం తెరకేసి తేరిపార చూచాం. నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ కార్లలో తోలేవాడు లేడు, పక్కన కూర్చునేవాడు లేడు. అంత పెద్ద నగరం వీథుల్లో నడిచిపోయే మనిషి ఒక్కడైనా లేడు. ఖాళీ కార్లు ఖాళీ కార్లను గుద్దుకొంటున్నాయి. అందుకే ఎక్కడా నెత్తురు లేదు, ఏడుపు లేదు. ఇది లోపమని నేననను. ఆ ఆట యావత్తూ ఈ ఒక్క యేర్పాటు మీదనే నిలిచి ఉన్నది. ఆ కారులో ఒక్క మనిషిని కూర్చోబెట్టండి, మరుక్షణం అది ఆట కాకుండా పోతుంది.

ఇంత విధ్వంసంలో ఇంత ఆనందం ఎందుకున్నది? ఈ ప్రశ్నను పిల్లల దుర్బుద్ధికి ముడిపెట్టి కొట్టిపారవేయడం సులభం. కాని ఫ్రాన్సు దేశపు పండితుడు రోజే కైయ్వా 1958లో ఆటలను గురించి వ్రాసిన గ్రంథంలో మనుషుల ఆటలన్నిటినీ నాలుగు జాతులుగా విడదీశాడు: పోటీ, అదృష్టం, వేషం, కళ్ళు తిరగడం. ఈ నాలుగవదానికి ఆయన ఉయ్యాలలను, గిరగిర తిరిగే పిల్లలను ఉదాహరణలుగా చెబుతాడు. మనకంత దూరం పోనక్కరలేదు. మన ఆడపిల్లల ఒప్పులకుప్ప చాలు. ఇద్దరు చేతులు పెనవేసుకొని, పాదాలు దగ్గరగా చేర్చి, వెనక్కు వాలి గిర్రున తిరుగుతారు. లోకమంతా గీతలు గీతలుగా కరిగిపోతుంది. పట్టు జారితే పడతారని ఇద్దరికీ తెలుసు. ఆ తెలియడంలోనే ఆట ఉన్నది. ఒళ్ళు మన అదుపు తప్పబోతున్నదని తెలిసీ, ఇంకా తప్పలేదని ఊపిరి పీల్చుకొనే ఆ క్షణం కోసమే మనిషి ఉయ్యాల యెక్కుతాడు, తిరునాళ్ళలో రంగులరాట్నం యెక్కుతాడు. బర్నౌట్ ఈ జాతి ఆటే. ఒప్పులకుప్పకు చక్రాలు తొడిగారు, అంతే.

గిల్డ్‌ఫర్డ్ పేరు విన్నప్పుడు నావంటి ఇంగ్లీషు సాహిత్య విద్యార్థికి మరొక సంగతి తట్టక మానదు. "ఆలిస్ అద్భుతలోకం" కథను 1865లో ప్రకటించిన లూయీ కరోల్ 1898లో ఆ పట్టణంలోనే కన్ను మూశాడు. ఆయన సమాధి అక్కడే ఉన్నది. ఆయన కథలో ఆలిస్ కుందేలు బొరియలో పడి, కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంటుంది. అంత లోతు పడిన పిల్ల ఎండుటాకుల కుప్ప మీద వాలి, దెబ్బ అన్నది లేకుండా లేచి నిలబడుతుంది. పడడం ఉన్నది, దెబ్బ లేదు. నూరేళ్ళు గడచిన తరువాత అదే పట్టణంలో అదే కలను యంత్రంలోకి ఎక్కించారనిపించింది నాకు.

కాని ఇంగ్లీషు సాహిత్యంలోనే దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉన్నది. థామస్ డి క్విన్సీ 1849లో తపాలా గుర్రపు బండిని గురించి ఒక దీర్ఘవ్యాసం వ్రాశాడు. అందులో మొదటి భాగం నిండా వేగం పట్ల పరవశమే. రైలు ఇంకా అలవాటు కాని తరానికి ఆ బండి వేగమే పరమావధి. తరువాతి భాగంలో ఒక రాత్రి బండివాడు నిద్రపోతాడు. బండి తన పక్క విడిచి రెండో పక్కన పరుగెడుతూ ఉంటుంది. ఎదురుగా ఒక చిన్న బండిలో ఒక యువకుడు, ఒక యువతి. డి క్విన్సీ అరుస్తాడు. యువకుడు చివరి క్షణంలో తన బండిని పక్కకు మళ్ళిస్తాడు. పెద్ద బండి చక్రాన్ని ఒరుసుకొని దాటిపోతుంది. ప్రాణాలు నిలిచాయి. ఆటలో అయితే ఇది వెంట్రుకవాసి తప్పింపు, దానికొక బహుమానం! డి క్విన్సీకి మాత్రం ఆ యువతి భయంతో చేతులెత్తిన ఆకృతి యేళ్ళ తరబడి కలల్లో వెంటాడింది. తేడా యెక్కడ ఉన్నది? వేగంలో లేదు, అపాయంలో లేదు. ఆ బండి లోపల మనిషి ఉన్నది.

నా వృత్తిధర్మం చొప్పున ఒక మాట ముచ్చట. ఇంగ్లీషువారి "యాక్సిడెంట్"కు మూలం లాటిన్లో "మీద పడడం" అనే అర్థమిచ్చే ధాతువు. అది తనంత తాను వచ్చి పడింది. ఎవరి పూచీ లేదు. మనం దానికి "ప్రమాదం" అంటాం. ఈ సంస్కృత శబ్దానికి అసలు అర్థం ఏమరుపాటు, పరాకు. తరువాత కాలంలో, ఏమరుపాటు వల్ల కలిగే కీడుకే ఆ పేరు స్థిరపడింది. అనువాదంలో ఒకదానికి బదులు మరొకటి వేసి చేతులు దులుపుకొంటాం గాని, ఆ రెండు మాటలూ ఒకటి కావు. ఒకటి విధిని చూపిస్తుంది, ఒకటి మనిషిని.

ఈ దృష్టితో చూస్తే మా మేనల్లుడి ఆటలో ఒక వింత కనబడింది. ఆ తెరమీద అపాయం అడుగడుగునా ఉన్నది గాని, మన మాటకున్న మూలార్థంలో ప్రమాదం లేదు. వాడంత ఏకాగ్రతతో కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. రెప్ప వేస్తే ఓడిపోతాడు. పరీక్ష పుస్తకాల ముందు పావుగంట నిలవని మనసు అక్కడ రెండు గంటలు దీపశిఖలాగా నిలిచింది. కుర్రవాళ్ళను లాగేది విధ్వంసం మాత్రమే కాదు, ఈ సంపూర్ణమైన మెలకువ కూడా. ఈ మాట ఆటకు న్యాయం చేయడానికి చెబుతున్నాను.

అంతటితో ఆగితే నిజాయితీ అనిపించుకోదు. నా స్వానుభవం ఒకటి చెప్పాలి. మా తరానికి బర్నౌట్ లేదు, రోడ్ రాష్ ఉండేది. అమెరికాలో 1991లో పుట్టిన ఆ మోటారుసైకిళ్ళ ఆట, 1996లో విండోస్ కంప్యూటర్లకు వచ్చిన తరువాత మన దేశంలో కంప్యూటరు అద్దెకిచ్చే ప్రతి గదిలోనూ కాపురం పెట్టింది. పక్కవాడిని తన్నాలి, చేతిలోని గొలుసుతో కొట్టాలి, పోలీసుకు చిక్కకుండా గమ్యం చేరాలి. పడిపోయినవాడు లేచి, దుమ్మయినా దులుపుకోకుండా, రోడ్డు మీద తన బండి దగ్గరికి పరుగెత్తేవాడు. ఆ దృశ్యం చూచి మేము పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

కాలేజీ రోజుల్లో ఒక సాయంత్రం గంటసేపు అది ఆడి, స్కూటరెక్కి ఇంటికి బయలుదేరాను. నేనే నిర్ణయమూ చేసుకోలేదు. చేయి మాత్రం తనంత తాను రోజూ కంటె ఎక్కువ తిరిగింది. ముందు పోతున్న సైకిలును, మనిషి ఎక్కిన వాహనంగా కాక, దాటవలసిన వస్తువుగా చూచాను. అతని చొక్కా నా మోచేతికి తగిలింది. పడలేదు. నేను కొంత దూరం పోయి ఆగి వెనక్కు చూస్తే, ఒక ముసలివాడు సైకిలు దిగి, హ్యాండిల్ రెండు చేతులా పట్టుకొని, రోడ్డు వారన నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. ఊరికే నాకేసి చూచాడు. వెళ్ళి క్షమాపణ చెప్పుకొనే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పటికి పాతికేళ్ళయింది. ఆ చూపును ఏ భాషలోకి అనువదించాలో నాకింకా తెలియలేదు.

నా ఒక్కడి అనుభవం సిద్ధాంతం కాజాలదు. అయితే 2007లో జర్మనీలో పీటర్ ఫిషర్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన దీన్నే తడిమింది. కార్ల పందెం ఆటలు ఆడినవారు, ఇతర ఆటలు ఆడినవారికంటె, ఆ వెంటనే జరిపిన ప్రయోగాలలో రోడ్డు మీద ఎక్కువ తెగింపుకు మొగ్గు చూపారని వారు గమనించారు. ఇది ప్రయోగశాలలో, ఆడిన వెంటనే కనబడిన మొగ్గు. ఆట ఆడిన ప్రతివాడూ రోడ్డు మీద హంతకుడవుతాడని దీనికి అర్థం కాదు. అలా అర్థం లాగేవారు పరిశోధనకూ అన్యాయం చేస్తారు, పిల్లలకూ అన్యాయం చేస్తారు. కాని ఆటకూ రోడ్డుకూ నడుమ గడప ఒకటి ఉండాలన్న సంగతిని మాత్రం అది బలపరుస్తున్నది.

గడప యెందుకంటే, మన రోడ్లు అటువంటివి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. సగటున గంటకు 19 మంది. ఆ మరణాలలో నూటికి 71 వేగం మితిమీరడం వల్లనేనని అదే నివేదిక చెబుతున్నది. వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పటి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆటలో ఆ నాలుగు రెట్లూ మరింత అందమైన నిప్పురవ్వలుగా మారతాయి. రోడ్డు మీద వాటిని భరించేది ఎముకలు.

ఇక మా నాన్నగారు. ఆ ప్రశ్న ఆయన ఊరికే అడగలేదు. అది నాకు తెలుసు, మా మేనల్లుడికి తెలియదు. ఉద్యోగకాలంలో ఒక చలికాలపు వేకువన, మంచులో, ఆయన నడుపుతున్న గూడ్సుకు ఎదురుగా పట్టాల మీద ఒక ఎడ్లబండి ఉన్నది. ఎక్కడో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. నిండు బొగ్గు గూడ్సు అంటే నాలుగైదు వేల టన్నుల బరువు. బ్రేకు వేసిన తరువాత అది ఆగడానికి కిలోమీటరు కూడా పట్టవచ్చు. ఆయన బ్రేకు వేశారు, కూత వేశారు. ఈ సంగతి నాతో జీవితంలో ఒక్కసారే చెప్పారు. "బ్రేకు వేసేశాక మరి మన చేతిలో ఏమీ ఉండదురా. చూస్తూ కూర్చోవడమే. అతను తలెత్తి చూశాడు." అంతే. ఆ తరువాత వాక్యం ఆయన ఎన్నడూ పూర్తిచేయలేదు.

తుక్కయిన తరువాత కూడా కారును మళ్ళించగలిగే ఆ ఆట యేర్పాటును గురించి చెప్పినప్పుడు గుర్తుంచుకోమన్నది ఇందుకే. మనిషి ఆశపడేది సరిగ్గా దానికోసమే. జరిగిపోయిన తరువాత కూడా చేతిలో ఇంకొక మీట మిగిలి ఉండాలని. ఆట దానిని ఇస్తుంది. లోకం ఇవ్వదు.

ఆ సాయంత్రం నాన్నగారు మరొక ఆశ్చర్యం కలిగించారు. "ఏదీ, నన్ను తోలనీ" అన్నారు. మేనల్లుడు ఆ పరికరాన్ని ఆయన చేతుల్లో పెట్టి మీటలు చూపించాడు. ఆయన బుద్ధిగా రోడ్డుకు ఎడమ పక్కన, మన దేశపు పద్ధతిలో, కారు పోనిచ్చారు. ఆ నగరం అమెరికా తీరులో ఉన్నది. అక్కడ కుడి పక్కన పోవాలి. ఎదురువచ్చే వాహనాల్లోకి ఈయన చొరబడుతున్నాడని యంత్రం లెక్కవేసి, సాహసానికి మెచ్చి ఇంధనం పోయసాగింది. జీవితమంతా నియమం తప్పని మనిషికి, నియమం పాటిస్తున్నందుకే, దుస్సాహసి బిరుదు! మేమిద్దరం పగలబడి నవ్వాం. తరువాత కూడలిలో ఎర్రదీపం కనబడింది. ఆయన కారు ఆపి కూర్చున్నారు.

"ఆగనక్కరలేదు తాతయ్యా. ఈ ఆటలో దీపాలున్నది ఆగడానికి కాదు. అక్కడే పందెం మొదలవుతుంది" అన్నాడు వాడు. అది నిజమే; ఆ ఆటలో ప్రతి సిగ్నలు దగ్గరా ఒక పోటీ పొంచి ఉంటుంది.

"ఉండనీరా. ఎరుపు యెరుపే" అన్నారు నాన్నగారు. ఆకుపచ్చ వచ్చేదాకా ముగ్గురం ఆ తెరకేసి చూస్తూ కూర్చున్నాం. పక్కనుంచి ఖాళీ కార్లు పోతూనే ఉన్నాయి.

చీకటిపడే వేళకు వాడు సంచి సర్దుకొని తాళం చేతిలోకి తీసుకొన్నాడు. బిలాస్‌పూర్ సుమారు ముప్ఫై కిలోమీటర్లు. రెండు గంటల ఆట ఇంకా వాడి వేళ్ళలో ఆడుతున్నది. బొటనవేలు తాళంచెవిని ఊరికే నొక్కుతున్నది. నేను ఉపన్యాసానికి నోరు తెరిచాను. నాన్నగారు కంటితోనే నన్ను వారించి, "టీ తాగి వెళ్దువుగాని, కూర్చో నాయనా" అన్నారు. టీ వచ్చింది. తరువాత జంతికలు వచ్చాయి. ఆ తరువాత ఆయన వాడి చదువు సంగతి అడిగారు, వాళ్ళమ్మ మోకాలినొప్పి సంగతి అడిగారు, బిలాస్‌పూర్‌లో తాము కాపురమున్న పాత క్వార్టరు ముందరి వేపచెట్టు ఉన్నదా లేదా అని అడిగారు. అరగంట గడిచింది. వాడి బొటనవేలు ఆగింది. అప్పుడు "ఇక బయలుదేరు" అన్నారు.

నేను వెదుకుతున్న గడప అదే. ఆటలను నిషేధించాలని నేననను. ఒప్పులకుప్పను ఎవరు నిషేధించగలరు? పిల్లల పక్కన ఒకసారి కూర్చొని, వాళ్ళకు దానిలో ఏమి దొరుకుతున్నదో చూడడం మన పని. ఆ తరువాత ఆటకూ బండి తాళానికీ నడుమ ఒక అరగంట, ఒక గ్లాసు టీ, నలుగురు మనుషుల మాటలు ఉంచడం కూడా మన పనే. ఖాళీ కార్ల లోకం నుంచి మనుషులున్న లోకంలోకి దిగి నడవడానికి ఆ పాటి దూరం కావాలి.

మోటారుసైకిలు చప్పుడు రైలు గేటు దాకా వినబడి, అక్కడ ఆగింది. గూడ్సు వస్తున్నట్లున్నది. మా కప్పులు సాసర్లలో సన్నగా అదిరాయి. చాలాసేపు పోయింది ఆ బండి. నాన్నగారు అలవాటు చొప్పున మనసులో పెట్టెలు లెక్కపెడుతూ కూర్చున్నారు. చివరి పెట్టె వెళ్ళిన తరువాత మోటారుసైకిలు మళ్ళీ కదిలింది, నెమ్మదిగా. గంట దాటిన తరువాత ఇల్లు చేరానని వాడు ఫోను చేసేవరకు ఆయన కుర్చీలోంచి లేవలేదు.